సవాలక్షలో పావు

మా ఇంట్లో బాగా అరిగిపోయిన మాట ఒకటుంది: సవాలక్ష. కాలేజీకి ఆలస్యమైన రోజు ప్రిన్సిపాల్‌కు నేను చెప్పే కారణాలు సవాలక్ష. చేస్తానని ఒప్పుకుని నేను చేయకుండా వదిలేసిన పనులు, మా ఆవిడ మాట ప్రకారం, సవాలక్ష. నా పాఠం వింటే పిల్లలకు సవాలక్ష సందేహాలు రావాలని నా కోరిక. వాళ్ళకు వచ్చేది మాత్రం ఒక్కటే, గంట ఎప్పుడు కొడతారని. తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. ఎవరైనా ఆ మాటకు అర్థం అడిగితే ‘బోలెడు’ అనేవాణ్ణి. బోలెడు అంటే? కోకొల్లలు. కోకొల్లలంటే? లెక్కలేనన్ని. అక్కడికి గంట కొట్టేసేవారు. నా పాండిత్యం చాలాసార్లు గంట దయవల్లే గట్టెక్కింది.

నిజం చెప్పాలంటే ఇలాంటి మాటల మీద నాకున్న ప్రేమకు మూలం సోమరితనమే. బోలె అంటే గిన్నెలాంటిది. ‘బోలెడు’ అనేస్తే ఆ గిన్నె ఎంత పెద్దదో ఎవరూ అడగరు. ‘కోకొల్ల’లో కొల్లగొట్టడం దాక్కుని ఉంది. కొల్లగొట్టినవాడు ఎక్కడైనా లెక్క చెబుతాడా? మండుటెండలో బస్సులో సీటు దొరికితే ‘అదే పదివేలు’ అంటాం, ఏ పదివేలో మనకూ తెలియదు. లెక్కల్లో అత్తెసరు మార్కులతో బయటపడిన నాలాంటివాడికి ఇంతకన్నా సుఖమైన అంకెలు ఉండవు. లక్ష అనే మాటను నేను ఏనాడూ లక్ష్యపెట్టలేదు.

అలాంటివాడికి పోయిన సంవత్సరం ఒక లక్షను నిజంగా లెక్కపెట్టే పని పడింది.

మా అమ్మకు అక్క, మా పెద్దమ్మ, పెద్దనాయనతో చిత్తూరులో ఉంటుంది. వాళ్ళకు పిల్లలు లేరు కాబట్టి చిన్నప్పటినుంచీ నేను సగం ఆ ఇంటివాణ్ణే. శివరాత్రి వెళ్ళిన వారానికి పెద్దనాయన మిద్దె మెట్లెక్కుతూ మధ్యలో గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. తిరుపతికి తీసుకొచ్చాం. ఆపరేషన్ అన్నారు. థియేటర్ తలుపు మూసుకున్నాక పెద్దమ్మ బయట ఇనుప బల్ల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, నాకు వినపడేటట్టుగానే శివుడితో మాట్లాడింది.

“సామీ, నా చేత్తో చేసిన లక్ష వత్తులు కార్తీక పున్నమికి వెలిగిస్తాను. ఈ మనిషిని ఇంటికి పంపించు.”

ఆ సమయంలో కూడా నా బుద్ధి ఎక్కడికి పోయిందంటే, ‘లక్ష అంటే ఇక్కడ చాలా అని అర్థం’ అనుకున్నాను. పెద్దమ్మ ఉద్దేశం అది కాదు. ఆమె లక్ష అంటే లక్షే.

పెద్దనాయన ఇంటికి వచ్చాడు. పదిహేను రోజుల్లో వరండాలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరించడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ పక్కనే చాప మీద పళ్ళెం పెట్టుకుని కూర్చునేది. చిటికెడు దూది తీసుకుని, వేళ్ళకు కాస్త విభూతి అద్దుకుని, ఎడమ అరచేతిలో పెట్టి ఒక్క తిప్పు తిప్పితే వేలెడు వత్తి. చేసినవాటిని దిండు గలీబుల్లో వదులుగా వేసి పెట్టేది. కట్టలు కడితే నలిగిపోయి నెయ్యి సరిగా పీల్చవని ఆమె మాట.

“మొత్తానికి నా రేటు తెలిసిపోయిందిరా,” అన్నాడు పెద్దనాయన నాతో. “లక్ష వత్తులంట. నేనేమో కోట్లలో ఉంటానని అనుకుంటా ఉన్నా.”

“గమ్మునుండు. అట్లాంటి మాటలు అనగూడదు,” అంది పెద్దమ్మ.

“ఒకవేళ నాలుగు తక్కువైతే ఏమైతాది? చిటికెన వేలు పడిపోతాదా?”

పెద్దమ్మ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పెద్దనాయన నావైపు చూసి నాలుక కరుచుకున్నాడు. మొక్కు తీరేదాకా ఆయన ఇంకా పూర్తిగా ఇంటికి వచ్చినట్టు కాదని ఆమె నమ్మకం. ఒక్క వత్తి తగ్గినా అవతల ఆసుపత్రి గుమ్మంలోనే ఆయన కాలు ఒకటి ఉండిపోయినట్టు. నవ్వులాటకు కూడా ఆ లెక్క దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు.

వెళ్ళింది నేనే. చదువుకున్నవాణ్ణి కదా, ఒక పద్ధతి పెట్టాను. వెయ్యి చింతగింజలు లెక్కపెట్టి ఒక గుడ్డసంచిలో వేసి తిరుపతి నుంచి పట్టుకెళ్ళాను. వాటిని లెక్కపెట్టడానికే నాకు ఒక ఆదివారం పట్టింది. మధ్యలో ఫోన్ వస్తే మళ్ళీ మొదటికి వచ్చేవాణ్ణి. “వంద వత్తులైనప్పుడల్లా సంచిలోంచి ఒక గింజ తీసి కాఫీపొడి డబ్బాలో వెయ్యి పెద్దమ్మా. సంచి ఖాళీ అయిందంటే లక్ష అయినట్టు,” అని చెప్పాను. రోజుకు నాలుగైదు గింజలు పడితే కార్తీక పున్నమికి సరిపోతుంది.

“సదువుకున్నోడు సదువుకున్నోడే,” అని పెద్దమ్మ నా తల నిమిరింది. యాభై దాటిన తలను నిమిరించుకోవడంలో ఉన్న ఆనందం ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

దసరా సెలవులకు చిత్తూరు వెళ్ళాను. అప్పటికి ఆరు గలీబులు నిండి, ఏడోది నడుస్తోంది. పెద్దనాయన కొట్టం అటక మీదనుంచి వామనగుంటల పీట దింపి దుమ్ము తుడుస్తున్నాడు. పద్నాలుగు గుంటల పాత చెక్కపీట. గవ్వలు ఎప్పుడో పోయాయి. పెద్దమ్మ గుడికి వెళ్ళింది. ఎదురింటి అక్క కూడా వచ్చింది. ఆమె పుట్టిల్లు సత్యవేడు పక్క, మాటలో సగం అరవం.

“పల్లాంగుళి ఆడి ఎన్నాళ్ళాయె! మా ఇంట్లోనించి గింజలు తెస్తా ఉండు,” అని వెళ్ళి కొంగులో ఇన్ని చింతగింజలు పోసుకొచ్చింది. అవి చాలలేదు. డబ్బాలో గింజలు కనబడ్డాయి నాకు. తీసినన్ని మళ్ళీ వేసేస్తే సరిపోతుంది కదా అని ఒక పిడికెడు తీశాను. రెండో ఆటకు ఇంకో పిడికెడు. మూడో ఆటకు సంచిలోంచి. పెద్దనాయన నన్ను మూడు ఆటల్లోనూ ఓడించి, గెలుచుకున్న గింజలన్నీ తన పంచెలో మూటకట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆపరేషన్ తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వులో నాకు ఒళ్ళు తెలియలేదు. వీధి మలుపులో పెద్దమ్మ కనబడగానే పీటను మంచం కిందికి తోసి, గింజలన్నీ పోగుచేసి, సగం సంచిలో, సగం డబ్బాలో పోసేశాను. ఎదురింటి అక్క గింజలు కూడా వాటితోనే పోయాయి. అన్నీ చింతగింజలే. ఏ గింజ ఏ ఇంటిదో చెప్పడానికి దాని మొహాన రాసి ఉండదు.

నేను చేసిందేమిటో తిరుపతి బస్సెక్కాక, పాకాల దాటాక, మెల్లగా అర్థమైంది. నాకు ఏదైనా మెల్లగానే అర్థమవుతుంది. ఒక గింజ అంటే వంద వత్తులు. ఒక పిడికెడు అంటే ఐదారు వేల వత్తులు. నా పిడికిళ్ళతో పెద్దమ్మ నెలల పనిని అటూ ఇటూ కలిపేశాను.

మరుసటి రోజు మళ్ళీ బస్సెక్కి వెళ్ళి చెప్పేశాను. పెద్దమ్మ తిడుతుందని అనుకున్నాను. తిట్లయితే నాకు అలవాటే. ఆమె తిట్టలేదు. చేతిలో ఉన్న వత్తిని పూర్తిచేసి పళ్ళెంలో పెట్టింది.

“మొత్తం ఎన్నైనాయో ఇంక తెలియదా?”

“తెలియదు పెద్దమ్మా.”

“లక్షకు తక్కువైతే?”

నేను గింజల డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాను.

“నీకు ఆట కావాల్సి వచ్చెనా? యాభై ఏండ్లోడివి, ఎవురి పానంతో ఆడుకున్నావో తెలిసెనా నీకు?” అంది. గొంతు పెంచలేదు. పెద్దనాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. “వాణ్ణేం అనద్దు. ఆడిపించింది నేను. గెలిచింది గూడా నేనే,” అన్నాడు. ఆ జోక్‌కు ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా.

తిరిగి లెక్కపెడతానన్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. అన్ని వేల వత్తుల్ని ఒక్కొక్కటిగా ముట్టుకుంటే సగం విడిపోతాయి. పైగా నేను లెక్కపెట్టాక ఆ లెక్కను ఎవరు నమ్మాలి? అప్పుడు నాకు ఇంకో తెలివి పుట్టింది. తూకం. వంద వత్తుల బరువు తెలిస్తే మొత్తం బరువును బట్టి లెక్క తేలిపోతుంది. ఏడు గలీబులనూ పెద్దనాయన పాత స్కూటర్ మీద ముందూ వెనకా కట్టుకుని బజారుకు బయల్దేరాను. దారిలో ముగ్గురు ఆపి, దిండ్లు ఎంతకిస్తావని అడిగారు.

పెద్దమ్మకు దూది ఇచ్చేది పరుపుల అంగడి భాయ్. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటి పరుపులన్నీ ఆయన కుట్టినవే. పెద్దనాయన ఆపరేషన్ సంగతి తెలిశాక, గింజ, నలక లేకుండా ఏకించిన దూది వేరుగా కట్టి పంపేవాడు. సంగతంతా విని, గలీబులను తన కాటా మీద పెట్టాడు. వంద వత్తుల తూకానికి పక్కనే ఉన్న నగల అంగడిలోంచి చిన్న తక్కెడ తెప్పించాడు. మొదటి గలీబులోంచి వంద తీసి తూచాం. కాగితం మీద లెక్క వేస్తే మొత్తం లక్షా పదివేలు అని వచ్చింది. నేను ఎగిరి గంతేయబోయాను.

“ఉండండి సార్, కడాది గూడా చూద్దాం,” అని భాయ్ ఏడో గలీబులోంచి వంద తీశాడు. ఈసారి డెబ్బై తొమ్మిది వేలు వచ్చింది.

“కాటా పాడైందేమో భాయ్?”

“కాటా బాగానే ఉండాది. ఇవి పట్టుకుని చూడండి,” అని నా ఒక చేతిలో మొదటి గలీబు వత్తి, రెండో చేతిలో చివరి గలీబు వత్తి పెట్టాడు. “దూదితోనే బతికినోణ్ణి సార్, నాకు చెయ్యి చెప్తాది. ఇది చూడండి, దారం మాదిరి ఉండాది. గట్టిగా బిగించి తిప్పింది అమ్మ. ఇది చూడండి, లావుగా, మెత్తగా. పెద్ద సార్‌కు బాగాలేనప్పుడు చేసింది ఆ సన్నది. ఆయన లేచి తిరగతా ఉన్నప్పుడు చేసింది ఇది.”

నేను ఒక్కో గలీబులోనూ చేయి పెట్టి చూశాను. నిజమే. మూడో గలీబు దాకా వత్తులు సన్నంగా, నూలుపోగుల్లా ఉన్నాయి. నాలుగోది నుంచి కాస్త వదులు. ఏడోదానిలో పిల్లి తోకల్లా ఉబ్బి ఉన్నాయి. వరండాలో ఆ చాప పక్కనే కూర్చుని ఎన్ని ఆదివారాలు కాఫీ తాగానో. ఆమె చేతులు వదులవుతున్న సంగతి ఏనాడూ చూడలేదు.

“మరి లెక్క ఎట్లా తేలుతుంది భాయ్?” అన్నాను. “ఇంట్లో సవాలక్ష అనుమానాలు పెట్టేశాను.”

“సవాలక్ష చేసేయమనండి. అనుమానమే ఉండదు.”

“చాలా చేయమనా?”

“చాలా కాదు సార్. సవా లాఖ్. లక్షా పాతికవేలు.” నా మొహం చూసి ఆయనకు అనుమానం వచ్చింది. “సవా అంటే ఒకటింపావు. సవా గజం, సవా సేరు. మా మాట గదా సార్ అది. మీరు తెలుగు సార్ అని బోర్డు మీద గూడా రాసుకున్నారంట, తెలీదా?”

బోర్డు మా ఇంటి గేటుకు ఉంది. తిరుపతి వచ్చాక తీసేద్దామనుకున్నాను కానీ మేకులు గట్టిగా ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు ఆ మాటను నోట్లో వేసుకుని నమిలినవాణ్ణి, లోపల ఒక పావు ఉందని, అది ఉర్దూ పావని ఎరగను. అంతులేనిదని నేను అనుకున్నదానికి ఆ మాటలోనే కచ్చితమైన అంకె ఉంది. ఎన్నో తెలియక ‘బోలెడు’ అనుకున్నాను. తీరా చూస్తే పక్క వీధిలో దాన్ని గజం కర్రతో కొలుస్తున్నారు.

“లక్ష చాలదా? పావు ఎందుకు వచ్చింది?” అని అడిగాను.

“మా ఇంట్లో ఫాతెహా చదివి పంచేదానికి చక్కెర పెట్టినా, బెల్లం పెట్టినా సవా సేరే పెడతారు. మా అబ్బా అనేవాడు, సేరు పెడితే ఇంతే, అయిపోయింది అన్నట్టు. సవా పెడితే ఇంకా ఉండాది అన్నట్టు.” ఆయన గలీబుల మూతులు కడుతూ అన్నాడు. “మనిషి ఆయుసు కోసం చేసేది గదా సార్. గీత గీసినట్టు లక్ష కాడ నిలపడం ఎందుకు?”

ఆ మాటను తీసుకెళ్ళి పెద్దమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చాలాసేపు గలీబుల వైపు చూసింది. డెబ్బై తొమ్మిది వేలే అనుకున్నా, ఇంకో పాతికవేలు చేస్తే లక్ష దాటేస్తుంది. ఏ పిడికెడు ఎటు పోయినా భయం లేదు. భయమల్లా రోజుల గురించే.

“పున్నమికి నలభై రోజులు గూడా లేదు. దినానికి నాలుగు వందలు చేసేదానికే నా నడుం పడిపోతా ఉండాది. వంటా వార్పూ పెట్టుకుని ఏడు వందలు ఎట్ల చేసేదిరా?”

“నేను చేసిపెట్టనా?” అన్నాను.

“నా చేత్తో అని మొక్కినా. నీ చేత్తో కాదు. నీ చేతులు దూరంగా పెట్టుకో.”

అప్పుడు పెద్దనాయన వరండాలోంచి లేచి వచ్చాడు.

“నువ్వు వత్తులు చెయ్యి. వంట నేను చేస్తా.”

యాభై ఏళ్ళ కాపురంలో ఆ ఇంట్లో అలాంటి మాట వినబడలేదు. పెద్దమ్మ దూది పట్టుకున్న చేయి అలాగే ఆగింది.

“నీకు పొయ్యి యాడుండాదో తెలుసునా?”

“గ్యాసు బండ ఉండే కాడ ఉంటాది. వెతుక్కుంటాలే.”

“నీ గుండె?”

“గుండెతో వండుతారా ఏమే? చేత్తో వండేది.”

మరునాటి నుంచి వంటింట్లో పెద్దనాయన, వరండాలో పెద్దమ్మ. మిగిలిన సెలవులన్నీ నేను అక్కడే ఉన్నాను. కూరగాయలు తరగడం, నీళ్ళు పట్టడం నా పని. గింజలు ఈసారి రెండు వందల యాభై. పెద్దమ్మ తానే లెక్కపెట్టి, దేవుడి గూట్లో పెట్టి, అటువైపు నేను చూసినా కసురుకునేది. రోజంతా వంటింటికీ వరండాకూ మధ్య గోడ మీదుగా సంభాషణ.

“ఏమే, చింతపండు ఎంత?”

“నిమ్మకాయంత.”

“ఏ నిమ్మకాయ? మనింటిదా, గూడూరుదా?”

“నీ తలకాయంత వెయ్యి!”

వంటింట్లో డబ్బా మూత చప్పుడు. ఆయన నిజంగానే వేస్తాడేమోనని ఆమెకు భయం. “వద్దప్పా, చిన్న నిమ్మకాయంత!”

“ఆవాలు?”

“రవ్వన్ని.”

“రవ్వన్ని అంటే ఎన్ని?”

“లెక్కబెట్టేదానికి ఆవాలేమన్నా వత్తులా? రవ్వన్ని అంటే రవ్వన్నే!”

నేను వంకాయ తరుగుతూ వినేవాణ్ణి. చారెడు, చిటికెడు, పిడికెడు, రవ్వంత, కొంచెమంత. ఒక్కదానికీ అంకె లేదు. అయినా ఆమె చేతిలో ఏదీ ఏనాడూ తప్పలేదు. ఆ మాటలు పట్టుకుని పెద్దనాయన పెట్టిన మొదటి రసం వాగు వరదనీళ్ళ రంగులో వచ్చింది. రెండోరోజు సంగటిలో రాగిపిండి ఉండలు ఉండలుగా మిగిలింది. ఎదురింటి అక్క రోజూ ఏదో ఒక పొరియల్ గిన్నెలో పెట్టి గోడ మీద నుంచి అందించేది. “ఐయ్యో, రొంబ పావమమ్మా నువ్వు,” అని పెద్దమ్మను ఓదార్చేది. పెద్దమ్మ మాత్రం ఆ ఉండల సంగటిని చెయ్యి కడుక్కునే సమయం కూడా దండగని, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినేసి మళ్ళీ దూది తీసుకునేది. వంకలు పెట్టలేదు. దానికే ఆయనకు అనుమానం వచ్చింది.

“ఉప్పు సరిపోయిందా?”

“సరిపోయింది.”

“అబద్ధం. డాక్టర్ వద్దన్నాడని నేను ఉప్పే వెయ్యలేదు.”

సెలవులు అయిపోయి నేను తిరుపతి వచ్చేశాను. ప్రతిరోజూ సాయంత్రం ఫోన్ చేసేవాణ్ణి. లెక్క అడగడానికి నోరు వచ్చేది కాదు. పెద్దనాయనే చెప్పేవాడు, ‘ఈ దినం ఏడు గింజలు’, ‘ఈ దినం ఆరే, వానకు దూది మెత్తబడింది’ అని. పున్నమి ఇంకో ఐదు రోజులుందనగా చేసినప్పుడు ఆయన గొంతులో వేళాకోళం లేదు.

“బొటనవేలు వాచిందిరా. తోలు లేచిపోయింది. చాలు నిలిపెయ్యే అంటే వినదు. నలభై గింజలు ఉండాయంట ఇంకా. ఉప్పునీళ్ళు కాస్తా ఉన్నా,” అన్నాడు. పొయ్యి తగ్గించి వచ్చి, “నేను బాగుండానని దానికి ఎట్ల చెప్పేదిరా?” అన్నాడు.

ఉప్పునీళ్ళు మరీ వేడిగా ఉండకూడదని చెప్పి ఫోన్ పెట్టేశాను. తెలుగు సార్‌ను. మాటల మీద బతుకుతున్నవాణ్ణి.

ఆ వారమంతా నాకు క్లాసులో మనసు నిలవలేదు. పున్నమినాడు పొద్దున్నే చిత్తూరులో దిగేసరికి పెద్దమ్మ వరండాలోనే ఉంది. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, అరచేతికి బదులు మోకాలి పక్కన ఒక చెక్క పెట్టుకుని దానిమీద తిప్పుతోంది. ముందురోజు ఉప్మా గిన్నె పక్కన అలాగే ఉంది. పెద్దనాయన ఆమెకు ఎదురుగా కూర్చుని విభూతి పళ్ళెం పట్టుకున్నాడు, ఆమె ముంచుకోవడానికి వీలుగా. పదకొండు గంటలకు చివరి గింజ డబ్బాలో పడింది. పెద్దమ్మ దూది వైపు చూసి, ఇంకో చిటికెడు తీసుకుంది.

“అయిపోయె గదా పెద్దమ్మా?”

“నువ్వు చెప్పినాక నమ్మాలా నేను?” అని సాయంత్రం దీపాల వేళదాకా చేస్తూనే ఉంది. ఆ గంటల్లో చేసినవాటికి గింజలు వేయలేదు. ఎన్నో ఎవరికీ తెలియదు.

వీధి చివర శివాలయంలో పెద్ద ఇనుప బాణలి పెట్టారు. తొమ్మిది గలీబులు అందులో కుమ్మరించి, నెయ్యీ నూనే కలిపి పోశారు. భాయ్ అంగడి కట్టేసి వచ్చి, చెప్పులు విడిచి, ప్రాకారం బయట నిలబడ్డాడు. పూజారి సంకల్పం చెప్పడానికి కూర్చుని గోత్రం అడిగాడు, పేర్లు అడిగాడు, చివరికి అడిగాడు:

“వత్తులు ఎన్నమ్మా?”

నేను ధ్వజస్తంభం వైపు చూశాను. పెద్దనాయన తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. పెద్దమ్మ ఏమాత్రం తడబడలేదు.

“లక్ష అని చెప్పండి సామీ. పైన ఉండేవి ఈయప్ప వండింది తిని నేను బతికినందుకు.”

పూజారికి ముందు అర్థం కాలేదు, తర్వాత నవ్వు ఆపుకోలేక మంత్రం రెండుసార్లు మొదలుపెట్టాడు. పెద్దమ్మ కర్పూరం అంటించింది. మొదట ఒక అంచున చిన్నగా పట్టుకుని, తర్వాత ఒక్కసారిగా బాణలి అంతా లేచింది. పూజారి అందరినీ వెనక్కి జరగమన్నాడు. బిగించి తిప్పిన వత్తులేవో, వదులు వత్తులేవో ఇక ఎవరికీ తెలియదు. అన్నీ కలిసి ఒకటే మంట. పెద్దమ్మ దాన్ని ఎక్కువసేపు చూడలేదు. “పొగలో నిలబడద్దు, ఇట్లరా,” అని పెద్దనాయనను లాగింది.

తిరిగి వచ్చేటప్పుడు వీధంతా గడపల్లో దీపాలు. వాళ్ళిద్దరూ ముందు, ఖాళీ గలీబులు చంకలో పెట్టుకుని నేను వెనక. పెద్దమ్మ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని నడుస్తోంది. నడుస్తూ నడుస్తూ, తనకు తెలియకుండానే, ఆ చొక్కా అంచును గుడ్డ కట్టిన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పుతూనే ఉంది. నాలుగిళ్ళు దాటాక పెద్దనాయన కిందికి చూసుకున్నాడు.

“ఏమే, నన్ను గూడా వత్తి చేసేస్తావా?”

“గమ్మున నడువు,” అంది పెద్దమ్మ. “రేపు పొద్దున సంగటి నేను కెలుకుతా.”

“వద్దులే. ఉండలు లేకుండా ఇప్పుడిప్పుడే వస్తా ఉండాది నాకు.”